శుక్రవారం వంతు

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను రైతులకు ఇచ్చిన సలహాల్లో చాలా వాటిని ఎవరూ వినలేదు. అందువల్ల ఎవరికీ పెద్దగా నష్టం కూడా జరగలేదు. ఒక్కావిడ మాత్రం నేను చెప్పింది చెప్పినట్టు విన్నది. ఆమె పంట ఎండిపోయేదాకా వచ్చింది. మా శాఖలో ఈమధ్యే చేరి, ఫోనులో వర్షం ఎప్పుడొస్తుందో చూసుకుంటూ ఊళ్లకు బయల్దేరుతున్న పిల్లలకు నేను చెప్పగలిగింది ఏదైనా ఉంటే ఆ ఒక్క సంగతే. మిగతావన్నీ కరపత్రాల్లో ఉన్నాయి, నాకంటే బాగా రాశారు.

తొంభైల మొదట్లో మాట. నేను పటాన్‌చెరు మండలంలో వ్యవసాయ విస్తరణాధికారిని. పుట్టి పెరిగింది మాత్రం కృష్ణా కాలువల కింద. మా వైపు నీళ్లు కాలువలో వస్తాయి, బోదె తెరిస్తే చేలోకి వస్తాయి, ఎక్కువైతే మురుగు కాలువలోకి పోతాయి. నీళ్ల కోసం మా నాన్న ఎవరితోనూ మాట పడగా నేను చూడలేదు. అలాంటివాణ్ణి తెచ్చి, బావుల కింద సేద్యం చేసుకునే రైతులకు నీటి పొదుపు మీద పాఠాలు చెప్పమన్నారు. నాకు మాట్లాడటం ఇష్టం. మైకు దొరికితే మరీ ఇష్టం. కాబట్టి ఆ పనికి నేను సరిగ్గా సరిపోయానని అందరూ అనుకున్నారు, నాతో సహా.

నాతోపాటు తిరిగే గ్రామాభివృద్ధి అధికారి ఒకాయన ఉండేవాడు. అక్కడి మనిషే. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. నేను ఊళ్లో ఉపన్యాసం ఇస్తుంటే ఆయన కాస్త దూరంగా నిలబడి బీడీ కాల్చుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు నా స్కూటరు వెనక కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు. దానికి నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది కాదు. స్కూటరు చప్పుడులో వినపడనట్టు ఊరుకునేవాణ్ణి.

కర్దనూరు దాటాక ఒక ఊరు. ఆ ఊరి పొలాల్లోంచి చూస్తే ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపించేవి. సగం ఇళ్లలో ఒక్కరైనా డ్యూటీకి పోయేవాళ్లే. ఆ ఊళ్లో ముగ్గురు అన్నదమ్ములకు కలిపి ఒక బావి ఉండేది. తండ్రి తవ్వించిన బావి, దాని మీద ఒకటే మోటారు. పెద్దాయన ఫ్యాక్టరీలో షిఫ్టుల డ్యూటీ చేస్తూ సేద్యం కూడా చేసేవాడు. నడిపాయన పూర్తిగా సేద్యం మీదే ఉండేవాడు. చిన్నాయన చనిపోయి మూడేళ్లయింది. ఆయన పాలు, అంటే పొలంలోనూ బావిలోనూ ఆయన వాటా, భార్య చూసుకునేది. బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు, ఎకరానికి నలభై గుంటల లెక్కన ముప్పై గుంటల మడి, బావిలో ఆ మూడో పాలు, అంతే ఆమెకున్నది.

బావిలో నీళ్లు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వచ్చేవి. తర్వాత అడుగు కనిపించేది. మళ్లీ ఊరడానికి రాత్రంతా పట్టేది. అందుకని వంతులు పెట్టుకున్నారు. సోమ, గురువారాలు పెద్దాయనవి. మంగళ, శుక్రవారాలు ఈమెవి. బుధ, శనివారాలు నడిపాయనవి. ఫ్యాక్టరీకి ఆదివారం సెలవు కాబట్టి బావికి కూడా సెలవు. మొదట్లో గడియారాలు చూసుకుని మోటారు వేసేవాళ్లట. ఎవరి గడియారం వాళ్లకు అనుకూలంగా నడవడంతో పోట్లాటలయ్యాయి. చివరికి ఫ్యాక్టరీ సైరన్‌కు అందరూ ఒప్పుకున్నారు. పొద్దున ఆరు గంటల సైరన్‌కు మోటారు వెయ్యాలి, మధ్యాహ్నం రెండు గంటల సైరన్‌కు ఆపాలి. ఆ పొలాల్లో వరి కూడా షిఫ్టు ప్రకారమే నీళ్లు తాగేది.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. యాసంగి వరికి, అంటే రబీ పంటకు, నీళ్లు చాలవని అందరికీ తెలుసు, అయినా నాట్లు వేశారు. మడిలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండక్కర్లేదు, ఆరబెట్టి తడుపుతూ పోతే సగం నీటితో సరిపోతుందని నేను ఊరూరా తిరిగి చెబుతున్నాను. రైతులు మర్యాదగా విని, ఇంటికి పోయి గట్టు నిండా నీళ్లు పెట్టుకునేవాళ్లు. చిన్నాయన భార్య మాత్రం ఉపన్యాసం అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"ఎంతదాక ఆరబెట్టాలె సారూ? బీటలు వడాల్నా?"

"సన్నగా, వెంట్రుక మందం బీట పడితే చాలమ్మా. అప్పుడు పెట్టండి."

"ఎంటికె మందమంటే నాకెట్ల తెలుస్తది? ఒక్కొక్కలకు ఒక్కో తీరు ఉంటది."

నేను మడిలోకి దిగి, మడమ ఎలా ఆనించాలో, గుర్తులో నీరు ఊరితే ఏమిటో, ఊరకపోతే ఏమిటో చూపించాను. వారం తర్వాత వెళ్తే ఆమె నా పద్ధతిని పక్కన పెట్టేసింది. చీపురు పుల్ల ఒకటి కొప్పులో దోపుకుని వచ్చి, బీటలో దించి చూసేది. పుల్ల వేలి కణుపంత దిగితే నీళ్లు పెట్టేది, లేకపోతే ఇంటికి పోయేది. నా పద్ధతి కంటే అది మేలు. నేను దాన్ని నా పద్ధతే అన్నట్టు మిగతా ఊళ్లలో చెప్పుకున్నాను కూడా.

నాటు వేసిన నెలకు ఆమె మడి చూస్తే నా కడుపు నిండిపోయింది. పిలకలు దట్టంగా తొడిగాయి. వారానికి ఒక్కరోజు నీళ్లు పెడితే చాలుతోంది. అయినా శుక్రవారం కూడా మోటారు వేసి, అవసరం లేకపోయినా మడిలోకి కాసేపు నీళ్లు వదులుతోందని తెలిసింది.

"ఎందుకమ్మా వృథా? మంగళవారం పెట్టారుగా. పుల్ల కూడా దిగడం లేదు."

"నా వంతు గద సారూ."

"మీకు అక్కర్లేనప్పుడు మీ బావగారికి ఇవ్వొచ్చుగా."

ఆమె నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను. అది నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద పొరపాటు, అప్పటికి నాకు తెలియదు.

ఆ వారమే పంచాయతీ ఆఫీసు ముందు రైతుల సభ పెట్టాం. మైకు నా చేతిలో ఉంది. ఆమెను లేచి నిలబడమన్నాను. సగం నీళ్లతో పంట ఎలా పెంచుతోందో చెప్పాను. చెప్పే ఊపులో, "ఈవిడ తన శుక్రవారం వంతును పెద్ద బావగారికి సంతోషంగా ఇస్తున్నారు, చప్పట్లు కొట్టండి" అనేశాను. జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన డ్యూటీ చొక్కాతోనే వచ్చి ఉన్నాడు. లేచి దండం పెట్టి, "సారు మాట నేనెట్ల తీసేస్త" అన్నాడు. ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుని కూర్చుంది.

తిరిగొస్తుంటే స్కూటరు వెనక నుంచి ప్రశ్న వచ్చింది. "సారూ, మైకుల జెప్పి వంతు ఇప్పిచ్చిన్రు. మల్ల తీసుకునేనాడు గుడ మైకుల జెప్తరా?"

"మళ్లీ తీసుకోవడమేంటండీ? అన్నదమ్ముల కుటుంబం. అడిగితే ఇవ్వరా?" అన్నాను. నేను ఆ సాయంత్రమే సంగారెడ్డి ఆఫీసుకు రిపోర్టు రాశాను. సగం నీటితో వరి అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టాను. అక్కడి పై అధికారికి అది ఎంత నచ్చిందంటే, ఆ మడి దగ్గరే క్షేత్ర దినోత్సవం పెడదామనీ, హైదరాబాదు నుంచి పెద్ద అధికారిని పిలుద్దామనీ కబురు చేశాడు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పక తప్పదు. ఆరబెట్టడం పిలకలు తొడిగే రోజుల్లో చెయ్యాల్సిన పని. వరి పొట్టకొచ్చిన దగ్గర్నుంచి గింజ పాలు పోసుకునేదాకా మడిలో నీరు ఉండాలి. ఆ మూడు వారాలు ఎండబెడితే తాలు తప్ప గింజ రాదు. ఇది నాకు తెలుసు. ఆమెకు కూడా చెప్పాను. రిపోర్టులో మాత్రం రాయలేదు. రాస్తే సగం నీరు అన్న శీర్షిక కాస్త వెలవెలబోతుందని వదిలేశాను. సభలో చెప్పలేదు, చప్పట్లు వచ్చాక ఆ సంగతి గుర్తే లేదు.

ఎండలు ముదురుతుండగా ఒకరోజు ఆమె పటాన్‌చెరులో మా ఆఫీసుకు వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. గుమ్మం దగ్గరే ఆగి పుల్ల చూపించింది.

"సారూ, పుల్ల మొత్తం దిగుతున్నది. వరి పొట్టకొచ్చింది. మీరే జెప్పిన్రు గద, పొట్టకొస్తే నిండ వెట్టాల్నని. మంగళారం ఒక్కటి సాల్తలేదు. శుక్కురారం నాకు ఇయ్యిమంటే పెద్ద బావ ఇస్తలేడు."

"ఎందుకివ్వరు? నేను మాట్లాడతాను" అన్నాను ధీమాగా.

"మాట్లాడుండ్రి సారూ. ఈ గింజ జేతికి రాకుంటే ఇగ మేం కూలికి పోవుడే. పిల్లల బడి గుడ బందైతది." ఏడవలేదు. నన్ను తప్పు పట్టినట్టు కూడా అనలేదు. అలా అనకపోవడం వల్లే నాకు ఇబ్బందిగా అనిపించింది.

ఆ సాయంత్రమే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన తన పొలంలో టమాటా తోట దగ్గర ఉన్నాడు. పది గుంటల్లో కొత్తగా పెట్టిన తోట, పక్కన పాలకూర, కొత్తిమీర. ఇస్నాపూరులో కిరాయి గదుల్లో ఉండే ఫ్యాక్టరీ కూలీలకు కూరగాయలు ఎన్ని తెచ్చినా అమ్ముడుపోతాయి. ఆయన భార్య గంప నెత్తిన పెట్టుకుని పొద్దున్నే పోయి అమ్ముకొచ్చేది. ఆ తోటంతా శుక్రవారం నీళ్ల మీద బతుకుతోందని నాకు చూడగానే అర్థమైంది.

"మీ మరదలికి ఇప్పుడు నీళ్లు అవసరమండీ. ఆ శుక్రవారం వంతు..."

"ఏంది సారూ గిట్లంటరు?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సగం నీళ్లు సాలుతయని మీరే గద చెప్పిన్రు? మీ మాట మీదనే నేను తోట వెట్టిన. ఇప్పుడు కాయ మీదున్నది. ఎండవెట్టుకోమంటరా? మా ఇంటామె తలకాయ మీద మోసుకపొయ్యి అమ్ముతున్నది."

"అప్పుడు చాలింది, ఇప్పుడు చాలదండీ. పొట్ట దశ వేరు."

"గా ముచ్చట మైకుల జెప్పలేదు సారూ."

ఆయన చెడ్డవాడు కాదు. తన మీద ఆధారపడ్డ మొక్కల గురించి ఆలోచిస్తున్నాడు, ఆమె కూడా అంతే. మధ్యలో ఇద్దరికీ ఒకే నీళ్లు పంచిపెట్టిన పెద్దమనిషిని నేను.

మర్నాడు మా గ్రామాభివృద్ధి అధికారిని అడిగాను, ఈసారి స్కూటరు ఆపి మరీ. ఆయన బీడీ ఆర్పి చెప్పాడు.

"పాలోళ్ల బావి కాడ ఒక్క కట్టుబాటు ఉంటది సారూ. ఒక పంటకాలం వంతు వాడకుంటే మల్ల అడిగెటందుకు నోరుండది. ఇడిసినట్టే లెక్క. అందుకే ఆమె అక్కెర లేకున్నా శుక్కురారం మోటరేసేది. మీరు నీళ్లు ఇడిపిచ్చిన అనుకుంటున్నరు. ఆమె పాలు ఇడిపిచ్చిన్రు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఆమె తల దించుకున్నది సిగ్గుతో కాదని, ఆఫీసరుకు ఎదురు చెప్పలేకనని అప్పుడు తెలిసింది. ముందే చెప్పొచ్చుగా అని ఆయన మీద కోప్పడ్డాను. "అడిగిన గద" అన్నాడు. అడిగాడు, నిజమే.

సంగారెడ్డికి వెళ్లి పై అధికారికి ఉన్నదున్నట్టు చెప్పాను. రిపోర్టు అసంపూర్తిగా రాశానని, సరిదిద్దుతూ ఇంకో కాగితం పంపుతానని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "హైదరాబాదు నుంచి ఆయన వచ్చే శుక్రవారం బయల్దేరుతున్నారు. ఇప్పుడు కాగితాలు మార్చకండి. అయిపోయాక చూద్దాం" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, మడికి ఉత్తరం గట్టు వైపు కాస్త పచ్చగా ఉంటుందేమో చూడమని, అతిథులను అటువైపే నిలబెట్టమని సలహా ఇచ్చాడు. ఉత్తరం గట్టు వైపు నిజంగానే పచ్చగా ఉంది. ఆ గట్టు వెంబడే పెద్దాయన టమాటా తోటకు కాలువ పోతుంది, దాని ఊట తగిలి ఆ రెండు వరసలు బాగున్నాయి.

ఆ శుక్రవారం పొద్దున్నే షామియానా వేశారు, కుర్చీలు తెచ్చారు, మైకు కట్టారు. ఆరు గంటల సైరన్‌కు పెద్దాయన మోటారు వేసుకున్నాడు. ఆమె మడి పక్కనుంచే నీళ్లు గలగలమంటూ తోటకు పోతున్నాయి. పదకొండయ్యేసరికి వరి ఆకులు చుట్టుకోవడం మొదలుపెట్టాయి. పెద్ద అధికారిని ఉత్తరం గట్టు మీదే నిలబెట్టాం. ఆయన పచ్చటి రెండు వరసలూ చూసి బాగుందన్నాడు. నేను ఆయన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను, మొహం చూసే ధైర్యం లేక.

సంగారెడ్డి అధికారి ఉపన్యాసం అయ్యాక ఆమెకు మైకు ఇచ్చి, "రెండు ముక్కలు చెప్పమ్మా, ఈ పద్ధతి వల్ల లాభమేంటో" అన్నాడు. ఆమె మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు మాట్లాడరాదు సారూ. ఈ సారు నాకు నీళ్లు తక్కువ పెట్టుడు నేర్పిండు. నాటేసిన కాంచి పొట్టకొచ్చేదాక సగం నీళ్లతోనే తీసిన. పిలకలు మా పెద్ద బావ మడి కన్న ఎక్కువనే ఉన్నయి, కావాల్నంటే లెక్కవెట్టుకోండ్రి."

జనం నవ్వారు. పెద్దాయన కూడా కొంచెం నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఇప్పుడు నాది పొట్ట మీదున్నది. ఇప్పుడు నిండ వెట్టాలె. మా బావ వరి నాకన్న ఇరవై దినాలు ఎనక. ఆయనది ఇంక పిలకల మీదనే ఉన్నది. ఎండవెట్టే దినాలు ఇప్పుడు ఆయనయి. నేను నేర్సుకున్నది మంచిదే అయితే ఆయన గుడ నేర్సుకోవాలె గద సారూ? సోమవారం, బేస్తారం రెండు దినాలు వరికి వెడుతుండు. ఒక్కటి వరికి సాలు. ఇంకోటి తోటకు వెట్టుకుంటే తోట ఎండది. నా శుక్కురారం నాకు వస్తది."

అంత పెద్ద లెక్క నేను వెయ్యలేదు. ఇద్దరిలో ఎవరి పంట ఎండబెట్టాలా అని పది రోజులుగా నిద్ర మానుకుని ఆలోచిస్తున్నాను తప్ప, నేను నేర్పిన పాఠంలోనే ఇద్దరికీ దారి ఉందని నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది.

పెద్ద అధికారి చేతిలో ఉన్న నా రిపోర్టు తిరగేశాడు. "పంటకాలమంతా సగం నీరు చాలునన్నట్టు రాశారే ఇక్కడ?" అని సంగారెడ్డి అధికారి వైపు చూశాడు. సంగారెడ్డి అధికారి నా వైపు చూశాడు. నా పక్కన ఇంకెవరూ లేరు. ఆమె మైకు నా చేతికిచ్చింది. మైకు పట్టుకోవడానికి చెయ్యి రాని సందర్భం నా జీవితంలో అదొక్కటే.

"అది నేను తప్పు రాశానండి" అన్నాను. "పొట్ట దశలో నిండుగా నీళ్లు కావాలి. నాకు తెలిసీ రాయలేదు. రిపోర్టు బాగుంటుందని రాయలేదు. ఇంకో తప్పు కూడా చేశాను. ఈవిడ శుక్రవారం వంతును నేను ఇప్పించాను. అది నాది కాదు, ఇప్పించే హక్కు నాకు లేదు. ఊరందరి ముందూ ఇప్పించాను గనక ఊరందరి ముందే చెబుతున్నాను. ఆ వంతు ఈవిడది."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ పెద్దాయన వైపు తిరిగారు. ఆయన చాలాసేపు తన వరి మడి వైపు, తోట వైపు చూశాడు. మనసులో రోజులు లెక్కవేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"సరే" అన్నాడు చివరికి. "గింజ పాలు వోసుకునేదాక మూడు వారాలు ఇస్త."

"ఇచ్చుడు కాదు బావా" అన్నది ఆమె, నేల చూస్తూనే. "నాది నాకు."

ఆయన పార తీసుకుని కాలువ దగ్గరికి పోయి, తోట వైపు దారికి మట్టి అడ్డం వేసి, ఆమె మడి గట్టు తెంపాడు. నీళ్లు ఒక్కసారిగా మడిలోకి వచ్చాయి. గట్టు మీద నిలబడ్డ పెద్ద అధికారీ, సంగారెడ్డి అధికారీ బూట్లు తడిసిపోతాయని వెనక్కి గెంతారు. నేను గెంతలేదు. నా చెప్పులు మునిగాయి. ఆ చల్లదనం నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కళ్లు తడిశాయి కూడా, దాచుకోవడం దేనికి.

తిరిగొస్తుంటే మా గ్రామాభివృద్ధి అధికారి ఏ ప్రశ్నా అడగలేదు. అడుగుతాడేమోనని స్కూటరు నెమ్మదిగా నడిపాను. పటాన్‌చెరు వచ్చేదాకా అడగలేదు.

నాకు మెమో వచ్చింది. వాస్తవాలు దాచి నివేదిక పంపినందుకు సంజాయిషీ అడిగారు. దాచానని రాసి ఇచ్చాను. సంగారెడ్డి అధికారి రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆమె పంట చేతికొచ్చింది, మరీ విరగపండలేదు గానీ తాలు తక్కువే. పిల్లలు బడి మానలేదు. పెద్దాయన తోటా నిలబడింది, వరీ నిలబడింది. పుల్ల ఎంత పొడవుండాలని ఆయన తన భార్యను పంపి మరదలిని అడిగించాడని తర్వాత తెలిసింది. తనే వచ్చి అడగడానికి మొహమాటపడ్డాడు.

కోతలయ్యాక ఒకరోజు ఆమె ఇంటికి వెళ్లి, నా వల్ల ఇబ్బంది పడ్డారు, క్షమించమని అడిగాను. "గదేంది సారూ, మీరు జెప్పబట్టే గద పంట నేర్సుకున్న" అన్నది. చాయ్ ఇచ్చింది. అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నాను.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. వానాకాలం పంట కోసేశారు, యాసంగికి ఇంకా నార్లు పోయలేదు. బావి నిండా నీళ్లున్నాయి, పొలాలన్నీ ఖాళీగా ఉన్నాయి. కొత్త రకం విత్తనాల గురించి చెప్పాలని ఆ వైపు వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. దూరం నుంచే మోటారు చప్పుడు వినపడింది. చేలో పంటే లేనప్పుడు ఈ మోటారేమిటని దగ్గరికి వెళ్లి చూశాను.

ఆమె బావి గట్టు మీద కూర్చుని ఉంది. నీళ్లు వదిలే పైపు మూతిని కాలువలోంచి తీసి, బావిలోకే తిప్పి పెట్టింది. బావిలో నీళ్లు పైకొచ్చి మళ్లీ బావిలోనే పడుతున్నాయి.

"ఇదేంటమ్మా? మోటారు ఎందుకు వేశారు?"

"ఇయ్యాల శుక్కురారం సారూ."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అంతలో పెద్దాయన సైకిల్ మీద డ్యూటీ చొక్కాతో వచ్చాడు. ఆ వారం ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. బావి పక్కనుంచే దారి. సైకిల్ ఆపి ఒక కాలు నేల మీద పెట్టాడు. నాకు నమస్కారం చేసి, పైపు వైపు చూసి, ఆమెను అడిగాడు.

"నడుస్తున్నదా?"

"నడుస్తున్నది బావా."

ఆయన తలూపి వెళ్లిపోయాడు. గొంతులో కోపం లేదు, ఆమె గొంతులోనూ లేదు. ఆయన సైకిల్ రోడ్డెక్కేదాకా ఆగి ఆమె నాతో అన్నది.

"మూడు వారాలు ఇస్త అన్నడు గద సారూ. నాది అని ఇంక అనలే. అనేదాక నడుపుత. పొద్దంత నడపను. బావ డ్యూటీకి పొయ్యే యాళ్లకో, వచ్చే యాళ్లకో నడుపుత. కరెంటు బిల్లు నడిపినా గంతే, నడపకున్నా గంతే." తర్వాత నా మొహం చూసి, నేను ఏదో అనబోతున్నానని అనుకుందేమో, పైపు వైపు చెయ్యి చూపింది. "నీళ్లు యాడికీ పోతలేవు సారూ. బావిలయి బావిలనే వడుతున్నయి, సూడుండ్రి."

చూశాను. ఒక్క చుక్క కూడా బయటకు పోవడం లేదు.

రెండు గంటల సైరన్ మోగింది. ఆమె లేచి మోటారు ఆపి, పైపును మళ్లీ కాలువలోకి తిప్పింది. విత్తనాల కాగితం ఇస్తే తీసుకుని మడిచి నడుములో దోపుకుంది.

"వచ్చే శుక్కురారం గుడ వస్తరా సారూ? ఆఫీసరు గుడ సూసిండంటే ఇంక గట్టిగుంటది."

వెళ్లాను. అక్కడి నుంచి బదిలీ అయ్యేదాకా, వీలైన ప్రతి శుక్రవారం ఆ సైరన్ వేళకు బావి దగ్గర ఉన్నాను. ఆఫీసు డైరీలో ఆ రోజుల్లో నీటి యాజమాన్యంపై రైతుకు సలహా ఇచ్చినట్టు రాసి ఉంటుంది. సలహా ఏమీ ఇవ్వలేదు. నోరు మూసుకుని, నలుగురికీ కనిపించేలా, ఆమె పక్కన నిలబడ్డాను.